ఎవరూ అరవలేదు

ఫోన్ మోగింది. తెరమీద గంటల మాస్టారి పేరు. నా చేతిలో గరిట అలాగే ఉండిపోయింది.

ఆయన ఎన్నడూ ఫోన్ చేసే మనిషి కారు. ఏం చెప్పాలన్నా మెసేజ్ పెట్టేవారు, అదీ పాతకాలపు ఉత్తరంలా ఆశీస్సులతో మొదలుపెట్టి. ఉద్యోగం అయిపోయి ఇండియా వెళ్ళాక కూడా అంతే. ముందురోజు సాయంత్రమే వాళ్ళ పెరట్లో కాసిన పనసకాయ ఫోటో పంపి, "దీన్ని మొయ్యడానికి దేవయ్య ఉండాల్సింది" అని రాశారు. అలాంటి మనిషి పేరుతో ఫోన్ మోగుతోంది.

అవతల ఆయన భార్య. ఏడవడం లేదు. ఎవరో రాసిచ్చింది చదువుతున్నట్టు చెప్పిందావిడ. "పొద్దున్నే టీ తాగి కుర్చీలో కూర్చున్నారమ్మా. గ్లాసు తీద్దామని వెళ్తే మనిషి లేరు. మస్కట్లో ఎవరికి చెప్పాలో తెలీక, ఫోన్లో పైనున్న పేరుకి చేశాను."

స్టవ్ ఆపి, చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లెక్కి లీలమ్మ తలుపు కొట్టాను. మస్కట్లో ఘుబ్రా అనే పేటలో, మా బిల్డింగ్‌లోనే పై అంతస్తులో ఉంటుంది. కేరళావిడ, నర్సు. ఆస్పత్రిలో ఎన్ని చావులు చూసి ఉంటుందో. నేను చెప్పింది విని గుమ్మంలోనే కూలబడి, తన ఫోన్ తీసి నాకు చూపించింది. అదే పనసకాయ. తనకీ పంపారు. ఇద్దరం ఆ కాయ వంక చూస్తూ కూర్చున్నాం. నిన్న సాయంత్రం దాని పక్కన నిలబడి ఫోటో తీసిన మనిషి ఇవాళ లేడంటే, ఎంత చూసినా ఆ ఫోటో ఒప్పుకోవడం లేదు.

పొట్టి మనిషి. తెల్ల చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి, ఎప్పుడూ ఎక్కడికో బయల్దేరుతున్నట్టు నిలబడేవారు. నరసాపురం వైపు ఊరు. కంపెనీలో జనరేటర్ మెకానిక్. ఎడారిలో దుక్మ్ అనే ఊరి వైపు క్యాంపుల్లో చాలా ఏళ్ళు జనరేటర్ గదుల్లోనే గడిపి, తర్వాత మస్కట్ యార్డుకి మారారు. వచ్చిన కొత్తల్లోనే చర్చి స్టోర్ రూమ్‌లో ఒక చెక్కపెట్టె ఆయన కంటబడింది. ఎప్పుడో ఇక్కణ్ణించి వెళ్ళిపోయిన ఇంగ్లీషు కుటుంబం వదిలేసిన చేతిగంటలు. ఇక్కడ చర్చికి గంటగోపురం ఉండదు, బయటికి వినపడేలా గంట కొట్టరు. ఆ పెట్టె సంగతి అందరూ మర్చిపోయారు. చిన్నప్పుడు వాళ్ళ ఊరి చర్చిలో తాడుకి వేలాడుతూ గంట కొట్టిన మనిషి కదా, ఈయన ఊరుకోలేదు. కిలుం వదిలించి, పిడులకి కొత్త తోలు వేసి, వాయించడానికి జనాన్ని పోగేశారు. లీలమ్మ, నిజామాబాద్ వైపు నుంచి వచ్చి టైల్స్ పనిచేసే దేవయ్య, ఇద్దరు ఫిలిప్పీన్స్ అమ్మాయిలు, ఒక గోవా ఆయన, తమిళ మొగుడూ పెళ్ళాలు. ఒక్కొక్కరి చేతుల్లో రెండేసి గంటలు. ఒక్కో గంట ఒక్కో స్వరం. తన వంతు వచ్చినప్పుడు మణికట్టు విదిలించి మోగించాలి. "ఒక్కరు ఏమారితే చాలు, పాటకి పన్నూడినట్టుంటుంది," అనేవారు.

లీలమ్మకి కారు నడపడం రాదు. శుక్రవారం మధ్యాహ్నాలు ప్రాక్టీసుకి చర్చి హాలు దగ్గర నేను దింపేదాన్ని. తిరిగి తీసుకురావాలి కనక హాల్లోనే వెనక బెంచీ మీద కూర్చునేదాన్ని. మాది పూజలూ వ్రతాలూ చేసుకునే ఇల్లు, నాకా పాటలు కొత్త. మొదటిరోజే మాస్టారు నా దగ్గరికొచ్చి ఏ ఊరని అడిగారు. పర్సులో ఏదో వెతుక్కుంటూ కాకినాడ అన్నాను. "తలెత్తి చెప్పమ్మా, ఊరి పేరు చెప్పడానికి సిగ్గెందుకు," అన్నారు. తలెత్తి చెప్పాను. అంతే, కాకినాడ గురించి ఆయనే మాట్లాడడం మొదలుపెట్టారు. ఆ రోజు నుంచి మేం కలిసినప్పుడల్లా ఆయన చెప్పడం, నేను వినడం.

ఆయన పద్ధతులు ఆయనవి. హాల్లో ఉన్న లైట్లన్నీ వెలగాలి, ఒక్కటి మాడిపోయినా ప్రాక్టీసు ఆగాలి. ఎవరైనా పక్కకి తిరిగి మాట్లాడితే "గోడకి చెప్తున్నావా, నాకా?" అని నిలదీసేవారు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకూడదు. దేవయ్యకి పెదవి మీదికి జారే గుబురు మీసం ఉండేది. ఒక శుక్రవారం ఇంటినుంచి కత్తెర తెచ్చి, "నీ మీసం పాటకి అడ్డమొస్తోందయ్యా," అని అందరి ముందూ తనే కత్తిరించారు. కడుపుబ్బ నవ్వుకున్నాం. టీ తాగుతారా, కాఫీయా అని అడిగితే ఒక్కోసారి "వచ్చే వారం" అనేవారు. ఆలోచన ఎప్పుడూ గంటల మీదే అనుకునేదాన్ని. ప్రాక్టీసుకి ముందు ఒక్కో గంటా మోగించి, దవడకి ఆనించుకుని కళ్ళు మూసుకునేవారు. అది ప్రార్థన అనుకున్నాను.

తిట్టేవారు. ఎక్కువ తిట్లు దేవయ్యకే. వరస చివర అన్నిటికన్నా పెద్ద గంటలు అతనివి. పాట సగంలో బల్లమీద చరిచి, ఆపి, "దేవయ్యా, పెళ్ళయిపోయాక వచ్చే బాజావాడివి నువ్వు. మళ్ళీ వెనకబడ్డావు," అనేవారు. అతను తల వంచి "అట్లనే సార్, ఇంకోపారి కొడత," అనేవాడు. వారం తప్పకుండా ఇదే తంతు. తిట్టిన రోజు తన డబ్బాలో తెచ్చుకున్న చేపల పులుసు సగం అతనికే వడ్డించేవారు.

ఆయనకి ఒక కోరిక ఉండేది. తలుపులు మూసి, ఏసీ వేసుకున్న హాల్లో వాయిస్తే దిండు కింద పెట్టి మోగించినట్టుందనీ, ఒక్కసారైనా ఆకాశం కింద, ఎవరికీ ఇబ్బంది లేని చోట మోగించాలనీ. ఏళ్ళు వాయిదా పడుతూ వచ్చి, ఒక చలికాలం చివర్లో కుదిరింది. మినీబస్సు మాట్లాడుకున్నారు. సీటు ఖాళీ ఉందని లీలమ్మ నన్నూ బయల్దేరదీసింది. నేను పులిహోర కలిపి పట్టుకెళ్ళాను.

దారి పొడుగునా ఆయన డ్రైవరు పక్కన నిలబడి, మా వైపు తిరిగి కబుర్లు చెప్తూనే ఉన్నారు. కూర్చోమని డ్రైవరు ఎంత మొత్తుకున్నా వినలేదు. నిజ్వా దారిలోంచి కొండల్లోకి తిరిగి, ఖర్జూరం తోటల ఊరొకటి దాటి, ఒక వాదీలో ఆగాం. వాదీ అంటే ఎండిన వాగు. రెండు పక్కలా నిటారుగా రాతిగోడలు, మధ్యన తెల్లటి గులకరాళ్ళు, ఒక వార సన్నగా పారే నీళ్ళు. పైన ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. ఎగువన ఎక్కడో కొండల వెనక నల్లగా కాస్త మబ్బుంటే, అది చూసి నీడ పడుతుందనుకున్నాం. ఆ కొండల్లో వాన పడితే ఆ నీళ్ళు ఎక్కడికి రావాలో ఒక్కరికీ తట్టలేదు.

ఒడ్డున కాస్త ఎత్తుగా ఉన్న గులకమేట మీద అందరూ వరసగా నిలబడ్డారు. మాస్టారు కింద వాగులోకి దిగి, వాళ్ళకి ఎదురుగా, ఎగువకి వీపు పెట్టి నిలబడ్డారు. నేను పక్కనున్న బండమీద కూర్చున్నాను. చెయ్యెత్తారు. మొదలైంది.

ఆ హాల్లో వారం వారం విన్న గంటలేనా ఇవి అనిపించింది నాకు. ఒక్కో మోతా రాతిగోడకి తగిలి, ఇంకో మోతని వెంటేసుకుని వెనక్కొస్తోంది. ఎక్కడినుంచో పావురాలు గుంపుగా లేచాయి. ఫిలిప్పీన్స్ అమ్మాయిల్లో ఒకతి వాయిస్తూనే ఏడుస్తోంది. మాస్టారు ఒళ్ళంతా ఊగిపోతూ చేతులు ఆడిస్తున్నారు. ఆయన మొహం అంత వెలగడం నేనెప్పుడూ చూడలేదు.

రెండో పాట సగంలో ఉండగా లారీలోంచి కంకర దింపుతున్నట్టు చప్పుడు వినపడింది. రోడ్డు మీద ఏదో బండి అనుకున్నాను. చప్పుడు ఆగలేదు. పెరిగింది. కూర్చున్న బండ అదిరింది. ఎగువన మలుపు దగ్గర గోధుమరంగు నురగ కనపడింది. దాని ముందు ఖర్జూరం మట్టలు, ప్లాస్టిక్ డ్రమ్ము ఒకటి దొర్లుకుంటూ వస్తున్నాయి. గంటలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి.

మాస్టారు కదల్లేదు. వెనక్కి తిరగలేదు. చేతులు నడుముకి పెట్టుకుని, చిరాగ్గా, "ఎవరాపమన్నారు?" అన్నారు.

నేను లేచి నిలబడి అరిచాను. నీళ్ళు, మాస్టారూ, నీళ్ళు అని గొంతు చిరిగేలా అరిచాను. ఆయన నా వంక చూశారు. ఈవిడకేమొచ్చింది అన్నట్టు చూశారు. అంత మోత వీపు వెనకే వస్తుంటే, ఆ మొహంలో ఏమీ లేదు.

అప్పటికే మిగతా వాళ్ళు గంటలు విసిరేసి పరుగు తీశారు. నీళ్ళకి దూరంగా పారిపోతున్నారనుకున్నాను. కాదు, వాగులోకి దిగుతున్నారు, ఆయన మీదికి. ముందు దేవయ్య. మాస్టారి నడుము చుట్టూ రెండు చేతులూ వేసి, సిమెంటు బస్తా ఎత్తినట్టు ఎత్తాడు. నీళ్ళు అప్పుడే తగిలాయి. ముందు పాదాలకి, చూస్తుండగానే తొడలకి. లీలమ్మ ఆయన చొక్కా పట్టుకుంది, గోవా ఆయన లీలమ్మ చెయ్యి పట్టుకున్నాడు. ఒకరినొకరు లాక్కుంటూ గులకమేట ఎక్కి, అక్కణ్ణించి నేనున్న బండ మీదికి పాకారు. వాళ్ళు ఎక్కేసరికి గులకమేట మునిగిపోయింది. గంటలు పెట్టుకున్న మడతబల్ల, వాటి పెట్టె, నేను తెచ్చిన పులిహోర గిన్నె, అన్నీ కొట్టుకుపోయాయి. అంతకు ముందు ఆయన నిలబడ్డ చోట మనిషి లోతు బురదనీళ్ళు సుడి తిరుగుతున్నాయి.

డ్రైవరు పైనుంచి దిగి పరిగెత్తుకొస్తున్నాడు. మాస్టారు తడిసి ముద్దయి, కళ్ళజోడు పోగొట్టుకుని, బండకి ఆనుకుని కూర్చుని నీళ్ళ వంక చూశారు. తర్వాత మా మొహాలు చూశారు. ఒక్కొక్కరి మొహం మీదా ఆగి, ఆగి చూశారు.

"మీరెవరూ అరవలేదే," అన్నారు.

నాకు అర్థం కాలేదు. ఆయన మళ్ళీ అన్నారు. "నేను మీ ఎదురుగానే ఉన్నాను. అందరి నోళ్ళూ మూసే ఉన్నాయి. ఈ అమ్మాయి ఒక్కతే నోరు తెరిచింది. మీరెందుకు అరవలేదు?"

లీలమ్మ తల తిప్పేసుకుంది. మిగతావాళ్ళు నేల చూశారు. దేవయ్య ఇంకా రొప్పుతూనే ఉన్నాడు. ఆ రొప్పులోనే అతని నోటినుంచి వచ్చేసింది.

"అరిస్తే ఏం ఫాయిదా సార్?"

అని, వెంటనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. కానీ మాస్టారు అప్పటికే చూసేశారు, ఆయన కత్తిరించిన మీసం కింద ఆ పెదవుల్ని.

ఆయన అడిగారు. "ఎప్పట్నుంచి?"

దేవయ్య చెయ్యి తీశాడు. "దుక్మ్ నుంచి మీరొచ్చిన కాడికెల్లే ఎరికె సార్. అందరికెరికె."

వెలుగుతూ ఉండాల్సిన లైట్లు, కత్తెర, గోడకి చెప్తున్నావా అన్న మాట, దవడకి ఆనించుకున్న గంట, ఎప్పుడూ రాని ఫోన్, అన్నీ ఒక్కసారిగా నా మీద పడ్డాయి. ఇన్నేళ్ళూ నాతో అన్ని కబుర్లు చెప్పిన మనిషి నా గొంతు ఎలా ఉంటుందో ఎరగడు. తనకి వినపడదన్న సంగతి ఆయన లోకం దగ్గర దాచారు. వీళ్ళు తమకి తెలుసన్న సంగతి ఆయన దగ్గర దాచారు. మాస్టారి మొహం వంక చూశాను. వాగులో నీళ్ళు వస్తున్నప్పుడు రాని భయం ఇప్పుడొచ్చింది ఆ మొహంలోకి.

తిరుగు ప్రయాణంలో ఆయన ముందు సీట్లో, అద్దం వైపు తిరిగి కూర్చున్నారు. కళ్ళు మూసుకున్నారు. కళ్ళు మూసుకుంటే ఇక ఆయనతో ఎవరూ ఏమీ చెప్పలేరని ఆ రోజే తెలిసింది నాకు.

తర్వాతి శుక్రవారం ఆయన రాలేదు. ఆ తర్వాతా రాలేదు. మెసేజ్‌లకి జవాబు లేదు. లీలమ్మని వెళ్ళి మాట్లాడమంటే, ఏ మొహం పెట్టుకుని వెళ్ళనని నన్నే పొమ్మంది. చివరికి నేనే మా ఆయన్ని తీసుకుని కంపెనీ వాళ్ళ క్వార్టర్స్‌కి వెళ్ళాను. మాస్టారు రూమ్‌లో మంచం మీద కూర్చుని ఉన్నారు. నన్ను చూసి, కుర్చీ లాగి కిటికీ వెలుగులో వేశారు. కూర్చున్నాను.

"నీకూ తెలుసా?" అన్నారు.

తెలీదనీ, ఆ రోజే తెలిసిందనీ చెప్పాను.

"అందుకే అరిచావు," అన్నారు. నేనడక్కుండానే చెప్పారు. "జనరేటర్ గదిలో పోయాయమ్మా చెవులు. ముందు పిచ్చుకలు పోయాయి. తర్వాత ఆడవాళ్ళ గొంతులు. ఫోన్లో మా ఆవిడ మాట అర్థమయ్యేది కాదు, సిగ్నల్ లేదని పెట్టేసేవాణ్ణి. ఆఖరికి ఒకరోజు జనరేటరే వినపడ్డం మానేసింది. ఆగిపోయిందేమో అనుకుని చెయ్యేసి చూశాను. అదురుతోంది. అప్పుడు భయమేసింది. చెప్తే ఇంటికి పంపేస్తారని ఎవరికీ చెప్పలేదు."

ఆయన ముందుకి వంగారు.

"ఒక్కటి నిజం చెప్పు. వాళ్ళు వాయించేది బాగుంటుందా?"

"నాకు సంగీతం తెలీదు మాస్టారూ."

"చెవులున్నాయిగా."

బాగుంటుందని చెప్పాను, చాలా బాగుంటుందని. అది నిజం. మరి తను ఆపి తిట్టినప్పుడల్లా తప్పు పోయిందా అని అడిగారు. ఆ కళ్ళు నా పెదవుల మీద ఉన్నాయి. అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. కొన్నిసార్లు పోయింది, చాలాసార్లు నాకేమీ తేడా వినపడలేదన్నాను.

"దేవయ్య?"

"అతను వెనకబడ్డం నేనెప్పుడూ వినలేదు మాస్టారూ."

ఆయన మంచం పట్టీ పట్టుకున్నారు. "పెద్ద గంట బరువు. తిరగడానికి టైము పడుతుంది. నా కంటికి వెనకబడ్డట్టు కనపడేది," అన్నారు మెల్లగా. తర్వాత, "మరి వాడెందుకు పడ్డాడమ్మా అన్నేళ్ళు? నన్ను బొమ్మలా నిలబెట్టి ఆడుకున్నారా వీళ్ళంతా?"

లేచి, కింద కారులో కూర్చున్న మా ఆయన దగ్గరికి వచ్చేశాను.

ఆ వారం లీలమ్మని దింపడానికి వెళ్ళి, అలవాటు చొప్పున వెనక బెంచీ మీద కూర్చున్నాను. వాగు తగ్గాక బురదలో ఏరి తెచ్చుకున్న గంటలతోనే వాళ్ళు ఏదో సర్దుకుంటున్నారు. దేవయ్య కుడిచేతిలో ఉండాల్సిన పెద్ద గంట వాదీలోనే పోయింది, ఎంత వెతికినా దొరకలేదు. తలుపు తెరుచుకుంది. మాస్టారు. కొత్త కళ్ళజోడు, అదే తెల్ల చొక్కా. ఎవరి వంకా చూడకుండా ముందుకెళ్ళి నిలబడ్డారు.

ఇక దాచేదేమీ లేదు కనక రెండు సంగతులు చెప్తానన్నారు. తనతో మాట్లాడేటప్పుడు అందరూ మొహం ఇటు తిప్పాలి. తను తప్పు చేస్తే చెయ్యెత్తాలి. చూసీ చూడనట్టు ఊరుకుంటే మాత్రం ఇక ఈ గడప తొక్కనన్నారు. ఇంగ్లీషులో ఒకసారి, హిందీలో ఒకసారి చెప్పారు. తర్వాత వరస చివరికి నడిచి దేవయ్య ముందు నిలబడ్డారు. అతనికంటే జానెడు పొట్టి. తలెత్తి చూడాల్సొచ్చింది.

"నీకు చాలా అన్యాయం చేశానయ్యా," అన్నారు తెలుగులో. "నువ్వెప్పుడూ వెనకబడలేదట. ఇందరి ముందు నిన్ను..."

దేవయ్య ఖాళీగా ఉన్న కుడిచెయ్యి పైకెత్తాడు.

మాస్టారు మాట ఆపేశారు. ఎందుకెత్తాడో తెలియనట్టు చూశారు. దేవయ్య చెయ్యి దించకుండా, ఒక్కో మాటా పెదవులు కదిలించి, స్పష్టంగా అన్నాడు.

"గిది తప్పు సార్. అన్యాయమైతే నేనెందుకొస్త శుక్రారం శుక్రారం? డ్యూటీల ఎవడు తిట్టినా మల్ల మొకం చూడబుద్ధి కాదు. మీకాడికి ఉరికొస్తుంటి."

లీలమ్మకి తెలుగు రాదు. అయినా తనూ చెయ్యెత్తింది. మాస్టారు ఆ రెండు చేతుల వంకా మార్చి మార్చి చూశారు. మా వైపు వీపు తిప్పి, గోడకి ఎదురుగా చాలాసేపు నిలబడ్డారు. ఆ వీపుతో మేం ఏమని చెప్పగలం? ఇటు తిరిగేసరికి ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి. దేవయ్య చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది.

"దించవయ్యా," అన్నారు మాస్టారు. "వాయించేటప్పుడు ఎత్తు."

అని, బల్లమీద ఉన్న గంటల్లోంచి ఒకటి తీసి, ఆ చేతిలో పెట్టారు.